తువ్వాలు చుట్టిన గుండు

ఐదో అంతస్తు, బాల్కనీ గది
సోమవారం

బుల్లీ,

నువ్వు కొండెక్కి కూర్చున్నాక ఫోన్లు పోయి ఉత్తరాల రోజులొచ్చాయి. ఫోను దగ్గర పెట్టుకోనివ్వని ఉద్యోగం ఏమిటమ్మా అని మా క్లినిక్‌లో అందరూ అడుగుతున్నారు. మా ఆడపడుచు వాళ్లు పెద్ద పళ్లేల్లాంటి యాంటెన్నాలు పెట్టి చుక్కల గొంతు వింటారట, మధ్యలో మన ఫోను మోగితే ఆ గొంతు వినపడదట అని చెప్పాను. "చుక్కల మాట సరే, మరి మన మాట ఎవరు వింటారు?" అంది పళ్లు పీకించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ.

పక్షవాతంతో పడిపోయిన మీ అన్నయ్య అలాగే ఉన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ ఇంకా మాట వినడం లేదు. నోటికి ఒకే ఒక్క మాట వస్తోంది, "కాదు". మంచినీళ్లు కావాలన్నా కాదు, ఫ్యాను ఆపమన్నా కాదు. ఏ కాదుకి ఏం కావాలో కళ్లు చూసి పోల్చుకుంటున్నాను. పెళ్లైన దగ్గర్నుంచి నేనేం చెప్పినా ముందు కాదనడమే ఆయన అలవాటు అని చెప్తే డాక్టరు కూడా నవ్వాడు.

ఇప్పుడు నీతో పని పడింది. ఆయన కంప్యూటరు మొన్న ఎవరూ అడక్కుండానే అప్‌డేట్ అయిపోయింది. అప్పటినుంచి ఆ నల్ల ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెరుచుకోవడం లేదు. దీపం వెలుగుతుంది, లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు వస్తుంది, తెర మీద మాత్రం దాని జాడే లేదు. ఇంట్లో మనిషి ఉండీ తలుపు తియ్యనట్టుంది. అందులో మీ అన్నయ్య కొలతలున్నాయి. త్వరలో ఒక మీటింగులో చూపించాలి. ఏ మీటింగని అడక్కు, తర్వాత చెప్తాను.

పక్క స్థలంలో తవ్వే యంత్రం ఇవాళ్టికి మళ్లీ మొదలైంది. కిటికీ అద్దాలు పళ్లు కొరుకుతున్నాయి. తొందరగా జవాబు రాయి.

నీ వదిన

*

కొండ మీద, డిస్కుల గది
గురువారం

వదినా,

నీ ఉత్తరం అందింది. టపా వ్యాను వారానికోసారి వస్తుంది కాబట్టి నీ రోగం ముదిరాక నా మందు చేరుతుంది. ఏం చెయ్యను. ఆఫీసులో తీగ ఫోను ఒకటుంది గానీ చావుకీ పుట్టుకకీ తప్ప ఇవ్వరు. దాని తాళం చెవి గుమస్తా నడుముకే ఉంటుంది.

ముందు అన్నయ్యకి నా తరఫున ఒక చిన్న మొట్టికాయ వెయ్యి. డ్రైవ్‌లో ఉన్నదాన్ని ఇంకో చోట కూడా దాచుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

ఇప్పుడు ఇలా చెయ్యి. డ్రైవ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఆ నాలుగు కన్నాల డబ్బా ఏదో ఉంటుంది, దాన్ని తీసెయ్యి. తీగని నేరుగా కంప్యూటర్ వెనక గుచ్చు. కాకపోతే తీగ మార్చి చూడు. చాలాసార్లు తప్పు తీగది, నింద డ్రైవ్‌ది. అప్పటికీ కనిపించకపోతే డిస్కుల పట్టిక తెరిచి అందులో ఉందో లేదో చూడు. ఎలా తెరవాలో వెనక పేజీలో బొమ్మ గీసి పెట్టాను, నవ్వకు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే చచ్చినా అవును నొక్కకు. అంటే అంతా తుడిచెయ్యమని అర్థం. అది మర్యాదగా అడుగుతుంది, నువ్వేమో మర్యాదగా అడిగితే దేనికైనా సరే అంటావు. అదే నా భయం.

ఏ మీటింగు? నా దగ్గర దాపరికమేమిటి?

నీ బుల్లి

*

ఐదో అంతస్తు, బాల్కనీ గది
బుధవారం

బుల్లీ,

డబ్బా తీసేశాను. కొత్త తీగ తెచ్చి వెనక గుచ్చాను. నీ బొమ్మ పట్టుకుని డిస్కుల పట్టిక తెరిచాను (నువ్వు గీసింది కంప్యూటరో కుక్కో తేల్చుకోవడానికి కాసేపు పట్టింది). డ్రైవ్ ఉంది, కానీ దాని పేరు లేదు. నొక్కితే అచ్చం నువ్వన్న ప్రశ్నే వచ్చింది. కింద రెండు గడులు, అవును, కాదు. అప్పటికి పొద్దున్నుంచీ దాంతో కుస్తీ పట్టి విసిగిపోయి ఉన్నాను. వేలు అవును మీదకి పోతోంది. మంచం మీంచి మీ అన్నయ్య "కాదు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. కాదు నొక్కి కంప్యూటర్ కట్టేశాను.

ఆ డ్రైవ్‌తో ఇంకో తలనొప్పి. బల్ల మీద నిలవదు. అలా పెట్టి ఇలా తిరిగేసరికి జారుకుంటూ బాల్కనీ వైపు అంచుకి పోతుంది. చివరికి బల్ల కాలు కింద అట్ట మడిచి పెట్టాను. పడకగది తలుపు కూడా మూసుకోవడం మానేసింది. వానలకి చెక్క ఉబ్బుతుందంటారు, ఇప్పుడు వానలెక్కడివి?

ఇంక దాచను. నువ్వక్కడ ఒంటరిగా ఉన్నావు, భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. పక్కన నేల కింద కార్ల కోసం తవ్వుతున్న గొయ్యి మన పునాది కంటే లోతుకి పోయింది. అప్పటినుంచే మన బిల్డింగు గొయ్యి వైపు ఒరుగుతోందని మీ అన్నయ్య అనుమానం. ఎంతైనా సర్వేయరు కదా, ఊరుకోరుగా. గొయ్యి వైపున్న మన బాల్కనీ కప్పునుంచి దారం కట్టి, తాపీ మేస్త్రులు గోడ నిలువు చూసుకునే ఇత్తడి గుండు వేలాడదీశారు. బట్టలారేసుకోవడానికి కూడా లేకుండా. ప్రతి ఆదివారం దానికి ఫోటో తీసి డ్రైవ్‌లో పెట్టేవారు. రెండో అంతస్తులో ఉండే మన బిల్డింగు సంఘం సెక్రటరీ "అనుమానాలు వద్దండీ, ఆధారం తెండి, మీటింగులో పెడదాం" అన్నాడు. ఆధారం పట్టుకెళ్లాల్సిన వారంలోనే ఈయన పడిపోయారు.

నిన్న సెక్రటరీ పలకరించడానికి వచ్చాడు. వాళ్లమ్మా, ఇంకో ఇద్దరూ వచ్చారు. "మీరేం దిగులు పెట్టుకోకండి సార్, బిల్డింగు రాయిలా ఉంది" అన్నాడు. మీ అన్నయ్య "కాదు" అన్నారు. "లేదు సార్, నిక్షేపంగా ఉంది." "కాదు, కాదు." అందరూ నవ్వారు. ఆయన అన్నిటికీ అదే అంటారని వాళ్లకి తెలుసుగా. నేనూ నవ్వాను బుల్లీ. వాళ్లు వెళ్లాక ఆయన మొహం గోడకి తిప్పుకున్నారు. నాకు సిగ్గేసింది.

నీ వదిన

*

కొండ మీద, డిస్కుల గది
శుక్రవారం

వదినా,

అట్ట ఏ కాలు కింద పెట్టావు? గొయ్యి వైపు కాలు కిందేనా? డ్రైవ్ సంగతి తర్వాత, ముందు దీనికి జవాబు రాయి. నీ ఉత్తరంలో ఆ రెండు వాక్యాలు చదివినప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు. బల్ల పాతదైతే ఊగుతుంది. డ్రైవ్ ప్రతిసారీ ఒకే వైపు ఎందుకు జారుతుంది?

నీ మీద కోపంగా కూడా ఉంది. ఇంతకాలం దాచి, పైగా నన్ను భయపెట్టడం ఎందుకని అంటావా? భయపడాల్సినప్పుడు భయపెట్టాలి వదినా. అందుకే కదా మనుషులుండేది.

డ్రైవ్ చావలేదు. అన్నయ్య దానికి తాళం వేసి ఉంటాడు. ఆ తాళం తీసే ప్రోగ్రాము పాతది. అప్‌డేట్ వచ్చి దాన్ని పనికిరాదని పక్కన పడేసింది. ఇప్పుడు కంప్యూటరుకి తాళం అర్థం కావడం లేదు, అందుకే ఖాళీ డ్రైవ్ అనుకుని తుడిచెయ్యనా అని అడుగుతోంది. అప్‌డేట్ వెనక్కి తీసే గడువు కూడా ఈపాటికి దాటిపోయి ఉంటుంది. షాపులకి తిప్పకు, వాళ్లు ముందు చేసే పనే ఫార్మాట్. నా గదిలో ఒక ముసలి కంప్యూటరుంది. దానికి జన్మలో నెట్ తగల్లేదు, అప్‌డేట్ అంటే ఏమిటో తెలియదు. డ్రైవ్‌ని మెత్తటి బట్టలో చుట్టి రిజిస్టరు పోస్టులో నాకు పంపు. పాస్‌వర్డ్ నీకు తెలిస్తే రాయి. అన్నయ్యని అడిగితే వచ్చే జవాబు మనకి తెలుసు.

నువ్వు మాత్రం ఆయన్ని తీసుకుని పిన్ని వాళ్లింటికి వెళ్లిపో. ఫోటోలు తెరుచుకునేదాకా ఆగకు.

నీ బుల్లి

*

ఐదో అంతస్తు, బాల్కనీ గది
మంగళవారం

బుల్లీ,

డ్రైవ్ పంపిస్తున్నాను. నా పాత శాలువాలో చుట్టాను, చంటిపిల్లలా జాగ్రత్తగా విప్పు.

పాస్‌వర్డ్ నాకు తెలుసు. రాయడానికే మొహం చెల్లడం లేదు. "గయ్యాళి". నవ్వావు కదూ? కాపురానికొచ్చిన కొత్తల్లో నాకిచ్చిన బిరుదు. రోజంతా క్లినిక్‌లో దయచేసి కూర్చోండి, దయచేసి నోరు పుక్కిలించండి అని మర్యాదంతా అక్కడే ఖర్చు చేసుకొస్తాను. ఇంటికొచ్చేసరికి ఆయనకి మిగిలేది గయ్యాళితనమే.

నువ్వడిగిన దానికి జవాబు. అవును, గొయ్యి వైపు కాలు కిందే.

పిన్ని ఇంటికి ఎలా వెళ్లమంటావు? లిఫ్టు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి పైనుంచి కిందిదాకా దీపం వేసి చూశాడు. "అమ్మా, డబ్బా బాగానే ఉంది. అది దిగే పట్టాలే వంకర తిరిగాయి. నేను చేసేదేం లేదు" అన్నాడు. సెక్రటరీ మాత్రం లిఫ్టు పాతదైపోయింది, మారుద్దాం అని నోటీసు అంటించాడు. ఐదంతస్తులు ఆయన్ని నేనొక్కదాన్నీ ఎత్తుకుని దింపలేను. నలుగుర్ని సాయం అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెప్తే, ఫ్లాట్లకి ధర రాకుండా చేస్తున్నావా అని గొడవ. నిన్న మీటింగైంది. సెక్రటరీ చెడ్డవాడు కాదు, వాళ్లమ్మ కూడా ఇక్కడే ఉంటోందిగా. "మీరు ఆ ఫోటోలు చూపించండమ్మా, ఆ రోజే అందరం దిగిపోదాం" అని అందరి ముందూ మాటిచ్చాడు. అందుకే నీ మీదే ఆశ పెట్టుకున్నాను. డ్రైవ్ తెరుచుకుంటే ఎవరూ కాదనలేరు.

ఈ వారం ఇంకో గోల. బాల్కనీలో ఆ ఇత్తడి గుండు ఉంది చూడు, యంత్రం కదిలినప్పుడల్లా రెయిలింగ్‌కి కొట్టుకుని టక్ టక్ మంటోంది. ఇదివరకు చప్పుడు ఉండేది కాదు. ఆ చప్పుడు మొదలైతే చాలు, మీ అన్నయ్య మంచం మీద గిలగిల కొట్టుకుంటున్నారు, "కాదు కాదు కాదు" అని ఒకటే వరస. తీసేద్దామంటే ఆయన కట్టింది, మనసొప్పలేదు. పాత తువ్వాలు చింపి గుండుకి చుట్టాను. చప్పుడు ఆగింది. ఆయన అది చూసి ఏడ్చారు బుల్లీ. పెద్దగా, చిన్నపిల్లాడిలా. ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. కాసేపు తల నిమిరి నేనూ ఏడ్చాను.

నీ వదిన

*

కొండ మీద, డిస్కుల గది
గురువారం

వదినా,

ఈ ఉత్తరం తీసుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదని కోరుకుంటూ రాస్తున్నాను. నాకు తెలిసిన చిరునామా అదొక్కటే.

మధ్యాహ్నం వ్యానులో డ్రైవ్ వచ్చింది. నీ శాలువా విప్పి ముసలి కంప్యూటరుకి తగిలించాను. అది తాపీగా ఆలోచించి తాళం అడిగింది. గయ్యాళి అని కొట్టగానే తెరుచుకుంది. అన్నయ్య గొంతు విన్నట్టే అనిపించింది నాకు.

అన్నీ బాల్కనీ ఫోటోలే. ఆదివారం తర్వాత ఆదివారం. ఒకే చోట నిలబడి తీసినవి. మొదటిదాంట్లో గుండుకీ రెయిలింగ్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందుంది. అన్నయ్య వేళ్లు పెట్టి మరీ తీశాడు. తర్వాత ఒక వేలు. తర్వాత ఆ వేలు పక్కకి తిప్పితే గానీ పట్టడం లేదు. ఆఖరి ఫోటోలో వేలు లేదు, పెన్సిలు పెట్టాడు. అన్నయ్య పడిపోకముందటి ఆదివారం అది.

ఫోటోలతో పాటు మీటింగు కోసం రాసుకున్న కాగితం ఒకటుంది. చాలా లెక్కలున్నాయి. అవి నాకు అర్థం కాలేదు. చివర పెద్ద అక్షరాలతో రాసింది అర్థమైంది. "గుండు రెయిలింగ్‌ని తాకేదాకా టైముంది. తాకిన రోజు ఎవరూ లోపల ఉండకూడదు. సామాను చూసుకోకూడదు."

అది చదువుతుంటే బల్ల మీద పక్కనే నీ ఉత్తరం ఉంది వదినా. టక్ టక్ మంటోంది, తువ్వాలు చుట్టాను అని.

పరుగెత్తుకుని వెళ్లి గుమస్తాని ఫోను అడిగాను. "చావా, పుట్టుకా?" అన్నాడు. చావే అన్నాను. "ఎవరు?" అన్నాడు. "ఇంకా ఎవరూ చావలేదు, తాళం తియ్యండి" అని అరిచాను. నా మొహం చూసి మారు మాట్లాడకుండా తీశాడు.

నువ్వు ఫోను ఎత్తావు. చెప్పాల్సింది ఒక్క ఊపిరిలో చెప్పాను. ఏదో కింద పడ్డ చప్పుడైంది, బహుశా నీ ఫోనే. తర్వాత దూరంగా అన్నయ్య, "కాదు, కాదు" అని. తర్వాత అదీ లేదు. యంత్రం చప్పుడు మాత్రం వినపడుతోంది. వదినా, వదినా అని ఎంతసేపు పిలిచానో. చివరికి గుమస్తానే నా చేతిలోంచి ఫోను తీసి పెట్టేశాడు. మళ్లీ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

ఫోటోలు అచ్చు తీసి ఇందులో పెడుతున్నాను. ఎవరికి చూపిస్తావో, అసలు చూస్తావో లేదో తెలియదు. నాకు చాలా భయంగా ఉంది.

బుల్లి

*

ఎదురు ఫుట్‌పాత్, మందుల షాపు మెట్లు
గురువారమే, చీకటి పడుతోంది

బుల్లీ,

బతికే ఉన్నాం. మీ అన్నయ్య నా పక్కన కుర్చీలో ఉన్నారు, శాలువా నీ దగ్గర ఉండిపోయింది కాబట్టి నా పాత చీర ఒకటి కప్పాను. ఫోను వంటింట్లో పడిపోయింది. కాగితం మందుల షాపువాడు ఇచ్చాడు.

నీ మాట విని బాల్కనీలోకి పరుగెత్తాను. తువ్వాలు విప్పాను. గుండు రెయిలింగ్‌కి ఆనుకుని ఉంది. చేత్తో వెనక్కి లాగి వదిలితే మళ్లీ వచ్చి ఆనుకుంది. ఆ మనిషి ఏడ్చింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఇల్లంతటికీ ఆయన పెట్టిన గంట అది. నేను దాని నోరు కట్టాను.

కిందకి దిగి సెక్రటరీకి చెప్పాను. ముందు నా అలవాటు కొద్దీ దయచేసి అనే మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచిదమ్మా, డ్రైవ్ తెరుచుకుందిగా. ఫోటోలు రానివ్వండి, ఆదివారం మీటింగులో పెట్టేద్దాం" అన్నాడు. ఆయన వెనకాల వాళ్లమ్మ గది తలుపు కనిపిస్తోంది. మూసుకోక, తాడుతో కట్టి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మీ అన్నయ్య ఇచ్చిన బిరుదు ఇవాళ నిలబెట్టాను. అరిచాను బుల్లీ. నా నోట్లో అన్ని తిట్లున్నాయని నాకే తెలియదు. "ఫోటో కావాలా? నీ తలుపు చూడవయ్యా! మీ అమ్మ గది తలుపుకి తాడు కట్టిందెవరు? లిఫ్టు పట్టాలు వంచిందెవరు? కొంపలో ఆధారం పెట్టుకుని కొండ మీంచి రావాలంటావా?" అని మెట్ల మీద నిలబడి గొంతు చించుకున్నాను. ఒక్కో అంతస్తూ ఎక్కుతూ చేతికందిన తలుపునల్లా బాదాను. పెద్దవాళ్లనీ, ఆఫీసర్లనీ చూడలేదు. ఏమైందో తెలియక కొందరు, నన్ను చితకబాదాలని కొందరు, మొత్తానికి అందరూ కిందకొచ్చారు. మీ అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టి కొత్త లిఫ్టు కొలతలకని వచ్చి ఉన్న మెకానిక్కూ, సెక్రటరీ చెరో వైపూ పట్టి దింపారు. మెకానిక్ దారి పొడుగునా గోడల వంకే చూస్తున్నాడు.

పురపాలక ఆఫీసుకి ఫోన్ చేశాం. మనిషిని పంపిస్తామన్నారు. ఇంకా రాలేదు.

సాయంత్రం దాకా అందరం ఈ ఫుట్‌పాత్ మీదే. ఏమీ జరగలేదు. బిల్డింగు అలాగే నిలబడి ఉంది. చూడగా చూడగా నాకే తిన్నగా ఉన్నట్టనిపించింది. జనం మొదట గుసగుసలాడారు, తర్వాత నవ్వారు. సెక్రటరీ తల్లి ముందు లేచింది. "మొగుడు పడిపోయిన దగ్గర్నుంచీ పాపం దీనికి మతి చలించింది. నా నడుం పట్టేస్తోంది, నేను పోతున్నా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకొకరు. చీకటి పడుతుంటే కిటికీల్లో ఒక్కో దీపం వెలగడం మొదలైంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు, మూడోది, నాలుగోది. వంటలు మొదలుపెట్టారు. నేను ఎవరి చెయ్యి పట్టుకున్నా విదిలించుకుని పోతున్నారు. నా గొంతు అప్పటికే పోయింది. అరవడానికి కూడా లేదు.

అప్పుడు ఒక పని చేశాను. కరెంటు మీటర్లన్నీ మెట్ల కింద ఉంటాయి, నీకు తెలుసుగా. వెళ్లి మెయిన్ దించేశాను. ఫ్యూజులన్నీ ఊడబీకి చీర చెంగులో మూటగట్టాను. మంచినీళ్ల మోటారుది కూడా. బయటికొచ్చి మూటలోవన్నీ ఆ గోతిలో పారేశాను. అవి కింద పడిన చప్పుడు వినపడడానికి చాలాసేపు పట్టింది.

దీపాలన్నీ ఒక్కసారి పోయాయి. ఇక మొదలైంది చూడు గోల. చీకట్లో తడుముకుంటూ దిగొస్తున్నారు. అదిగో, సెక్రటరీ తల్లి వచ్చేసింది. వాళ్లబ్బాయి ఆమె వెనకే, పోలీసుల్ని పిలుస్తానంటూ. ఏడు తరాలనీ ఎత్తి తిడుతున్నారు నన్ను. నన్నే కాదు, మిమ్మల్నందర్నీ కలిపి.

మీ అన్నయ్య దగ్గర కూర్చున్నాను. "అందరి ముందూ ఇంత పని చేశాను. తప్పు చేశానా?" అని అడిగాను.

"కాదు" అన్నారు.

ఇప్పుడే మూడో అంతస్తులో ఒక కిటికీ అద్దం దానంతట అదే పగిలి కింద పడింది. ఎవరూ రాయి వెయ్యలేదు. చూసినవాళ్లు కొందరు తిట్టడం ఆపేశారు. చూడనివాళ్లు ఇంకా తిడుతూనే ఉన్నారు. తిట్టనీ బుల్లీ. నేను ఒక్కో గొంతూ పోల్చుకుంటున్నాను. తిట్టు వినపడిందంటే ఆ మనిషి బయట ఉన్నట్టే. నాలుగో అంతస్తు మూల ఫ్లాటువాళ్ల గొంతు మాత్రం ఇంకా వినపడలేదు.

నీ గయ్యాళి వదిన